ఘాటీ తల్లికి దాచిన తొలి చుక్క

మొన్న పాడేరులో మనవడి జీపు బాగుచేయిస్తుంటే, మేస్త్రీ కొత్త బ్రేకాయిలు డబ్బా మూత తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఏదో మందుల వాసన. ఆముదం లేదు, ఇప్పసారా లేదు. ఇదేం బ్రేకాయిలని నాకు విసుగొచ్చింది.

నా చిన్నప్పుడు, పందొమ్మిది వందల ఇరవైల చివర్లో, మా అయ్య ఒక కలప కంట్రాక్టరు లారీ తోలేవాడు. మిగతా లారీలకు ఇనపకడ్డీల బ్రేకులైతే, దీనికి మాత్రం గొట్టాల్లో ఆముదమూ ఘాటైన సారా కలిపి నింపాలి. ఎండాకాలం పొద్దున్నే మేం పిల్లలం ఇప్పచెట్ల కిందకి పరిగెత్తి, మంచుకి తడిసిన పూలు ఏరి, సగం నోట్లో సగం బుట్టలో వేసుకుని వచ్చేవాళ్లం; వాకిట్లో ఎండే పూల తీపి, నాయనమ్మ సారా కాచే కుండ ఆవిరి, చోడి అంబలి పులుపు, లారీ పొగ అన్నీ కలిసిందే మా ఇంటి గాలి. కుండలోంచి ముందుగా దిగే తొలి చుక్కకు నిప్పు చూపిస్తే భగ్గుమనేది. అది మా కొండదారిని కాచే ఘాటీ తల్లిది, ఇంకెవరూ ముట్టకూడదు. తర్వాత పలచగా దిగేది మనుషులకి.

ఆ రోజుల్లోనే అమ్మకి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. దిగువనున్న మిషన్ ఆసుపత్రికి తీసుకుపోవాలి. అయ్య అప్పుడే కారుతున్న గొట్టం ఒకటి మార్చాడు. కంట్రాక్టరు ఇచ్చిన సారా నిండుకుంటే నాయనమ్మ కలిపిచ్చిన సీసాను బ్రేకులో ఒంపి, అమ్మని చింతపండు బస్తాల మీద పడుకోబెట్టి బయల్దేరాడు. నాయనమ్మ బుట్ట పట్టుకుని ముందు అయ్య పక్కన ఎక్కింది. నేను వెనక అమ్మ తల పట్టుకుని కూర్చున్నాను. ప్రతి కుదుపుకీ అమ్మ మూలుగుతోంది.

ఘాటీ మొదట్లో, అందరూ మొక్కే తల్లి రాయి దగ్గర ఆపబోతే, బ్రేకు పెడలు బురదలో కాలేసినట్టు దిగిపోయింది. గబగబా తొక్కగా తొక్కగా కాస్త గట్టిపడి, లారీ గట్టుకి ఆనుకుని ఆగింది. అయ్య కిందికి దూకి గొట్టాల అతుకులన్నీ తడిమాడు. ఎక్కడా కారడం లేదు. చక్రం దగ్గర మర వదులు చేస్తే బుసబుసా నురగొచ్చింది. ఘాటైన సారా ఆముదంలో కలిసిపోతుంది. ఇందులో పోసింది కలవక, గాలి పట్టి నురగ కట్టింది.

“ఏటి కలిపినావమ్మా ఇందులో?”

“మలిసుక్కరా. తల్లికి పెట్టకుండా తొలిసుక్క బండికెలాగ పోత్తాను?” అంది నాయనమ్మ.

నాయనమ్మ ఒడిలో బుట్ట ఉంది. అందులో తల్లికి తెచ్చిన తొలి చుక్క సీసా, దీపానికి ఆముదం. పైనుంచి అమ్మ కేక పెట్టింది. నాయనమ్మ రాయి వైపు చూసి, బుట్ట అయ్య చేతిలో పెట్టింది.

“ఈ ఏడుకి నువ్వు సక్రాల్లో కూకోయే తల్లీ. నా కోడల్ని దిగువకి సేర్సు,” అంది రాయితో.

అయ్య ఆ తొలి చుక్కా ఆముదమూ కలిపిచ్చాక, ఆవిడే డ్రైవరు సీట్లో కూర్చుంది. అయ్య లారీ కింద దూరి, ఒక్కో చక్రం దగ్గర మర తిప్పుతూ “తొక్కు... ఒగ్గీకు... ఇప్పుడొగ్గు, బేగి!” అని అరుస్తుంటే, మధ్యమధ్య కొత్తది ఒంపుకుంటూ, నురగ పోయి బుడగల్లేని ధార వచ్చేదాకా ఆ వట్టికాలితో తొక్కుతూనే ఉంది. చివరికి పెడలు రాయిలా నిలబడింది.

చీకటి పడకముందే ఆసుపత్రి చేరాం. తమ్ముడు దక్కలేదు. అమ్మ దక్కింది. మరుసటి ఏడు నాయనమ్మ తల్లికి రెండు సీసాలు పట్టుకెళ్లింది.

ఇప్పుడు మా ఇప్పచెట్లు పోయాయి, కుండలు పోయాయి. తల్లి రాయి దగ్గర ఎవరూ ఆగరు. మనవడు పాటలు పెట్టుకుని ఆ మలుపు జోరుగా దిగుతుంటాడు. వెనక సీట్లో నా కాలు కుదురుగా ఉండదు, నేలని తొక్కుతూనే ఉంటుంది.

“ఏటి మామ్మా, ఆ తొక్కుడు?” అంటాడు నవ్వుతూ.

“పెడలు దిగిపోద్దేమోనని సూత్తన్నాన్రా,” అంటాను.