రౌండు మలుపు కాడి నలభై ఒకటో ప్లాటు

2017లో, అంటే కొత్త జిల్లాలైన మరుసటేడు, ఎవరూ ముట్టని వీధిపోటు ప్లాటును చాయ్ చల్లారేలోపల అమ్మిన ఘనత నాది. నా ఇరవై ఏండ్ల బ్రోకరు పనిలో అంత తెలివితక్కువ అమ్మకం ఇంకోటి లేదు. అయినా నలుగురిలో చెప్పుకోవాలంటే ముందు అదే చెప్పుకుంట.

కరీంనగర్ నుంచి పెద్దపల్లి పోయే తొవ్వలో మా ఓనర్ వెంచర్ వేసిండు. వెంచర్ అంటే భూమిని రోడ్లు, ప్లాట్లుగా కోసి అమ్ముడు. ఆ కోతల పటాన్ని లేఔట్ అంటరు. మాకు రోడ్డు ఖర్చు తప్పింది, ఎందుకంటే అక్కడ రోడ్డు ముందే ఉంది. అది మోటరు సైకిళ్ల పందెం రోడ్డు. జనం దాన్ని రౌండు అనేటోళ్లు.

గ్రానైట్ క్వారీ నడిపిన ఒక పెద్దమనిషి, బండ్ల పిచ్చి ఉన్నోడు, సాగు లేక పడావు పడ్డ తన భూమిలో సొంత పైసలతో ఆ తారురోడ్డు వేయించిండు. పందెమున్న ఆదివారం నిర్మల్ నుంచి, మంచిర్యాల నుంచి, గోదావరి అవతల చంద్రపూర్ దిక్కు నుంచి బండ్లు దిగేటివి. మా బాపు కిరాణా కొట్టు మూసి అక్కడ సోడాలు అమ్మేటోడు. పందెం ఎవరు గెలిచిండ్రో ఆయనకు ఎన్నడూ తెల్వది. ఎన్ని సోడాలు పోయినయో మాత్రం తెలుసు. నేనూ ఆ దుకాణంలోనే పెరిగిన కాబట్టి నాకూ అంతే తెలుసు.

పెద్దమనిషి పోయినంక కొడుకులు పంచుకున్నరు. పందేలకు పర్మిషన్ అడిగేటోడు లేకుండ పోయిండు. కొన్నేండ్లు కారు నేర్చుకునేటోళ్లు తిప్పిండ్రు. తర్వాత రైతులు పొడుగాటి రోడ్డు మీద వడ్లు ఆరబోసిండ్రు. ఆఖరుకు మేం కొన్నం.

ఆ పొడుగాటి రోడ్డు సూటిగా వచ్చి ఒక్కసారి ఎడమకు మలుగుతది. మలుపుకు బయట, రోడ్డుకు ఎదురుంగ ఉన్నదే నలభై ఒకటో ప్లాటు. రోడ్డు అట్ల వచ్చి ప్లాటును పొడిస్తే వీధిపోటు అంటరు, ఇల్లు కట్టరు. ఒకప్పుడు జనం ఎక్కువ టికెట్ పెట్టి నిలబడ్డది ఆ జాగలోనే.

ఒక ఆదివారం ప్రభుదాసు అనే పెద్దాయన వచ్చిండు. డెబ్బైకి దగ్గర. చర్చి నుంచి సీదా వచ్చినట్టుంది, తెల్లంగి మడత చెదరలే. నలభై ఒకటే కావాలన్నడు. నా సంతోషం మొఖం మీద కనబడకుండ ముందు వేరే ప్లాట్లు చూపించిన, తర్వాత గజానికి వంద పెంచిన, పెంచిన వందనే తగ్గించి ఉపకారం చేసినట్టు మాట్లాడిన. వాస్తు సంగతి మాత్రం దాచలే.

"కాకా, ఇది వీధిపోటు. రేపు నన్ను అనద్దు."

"పోటు సంగతి నాకు చెప్తవా బిడ్డా? ఆ పోటును మలిపినోణ్ణే నేను."

ముసలాయన పరాచికం అనుకున్న. బయానా, అంటే బేరం ఖాయమని ముందుగ ఇచ్చే సొమ్ము, తీసుకొని రసీదు రాసిచ్చిన.

ఓనర్ మెచ్చుకుంటడనుకుంటే, ఇంకో పటం నా ముందు పరిచిండు. అందులో మలుపే లేదు. సూటి రోడ్డు నలభై ఒకటిలోంచి మెయిన్ రోడ్డుకు పోతది, మలుపును తవ్వేసి ఆ జాగలో ఆరు ప్లాట్లు. ఆ పటం అంతకుముందు ఆయన చూపలే, నేను అడగలే. రసీదు రద్దు చేసుకురా, బయానా రెట్టింపు ఇయ్యాల్సొస్తె నీ జేబుల నుంచి ఇయ్యి అన్నడు.

పోయేసరికి ప్రభుదాసు మలుపు మీద చీపురుతోని మన్ను ఊడుస్తుండు. ఈశాన్యం మూల ప్లాటు అదే రేటుకు ఇస్తమని చెప్పిన. వద్దన్నడు. బయానాకు రెట్టింపు ఇస్తనన్న. వద్దన్నడు. ఇల్లు కట్టేది లేదు, మళ్ల అమ్మేది లేదు అన్నప్పుడు, మరెందుకని మొదటిసారి అడిగిన. నాలుగు రోజుల కింద అడగాల్సిన మాట.

ఆయన రోడ్డు రోలర్ డ్రైవరు. రౌండు కొత్తగా వేసినప్పుడు ఆ మలుపులో బండ్లు బయటికి ఎగిరిపడేటివట, ఇద్దరికి కాళ్లు విరిగినయట. అప్పుడు ఆయన దారం కట్టి, మొరం పొర మీద పొర పోసి, బయటి అంచును జానెడు లేపి రోలర్ తిప్పిండు. ఇంజనీర్లు దీన్ని సూపర్ ఎలివేషన్ అంటరు, బండి బయటికి జారకుండ రోడ్డును లోపలికి వాల్చుడు. ఆయనకు ఆ పేరు తెల్వది. తర్వాత అక్కడ ఎవరూ పడలే.

"ముప్పై ఏండ్లు రోలర్ నడిపిన బిడ్డా. నేను ఏసిన రోడ్లన్ని తవ్విండ్రు, పైపులకని కొన్ని, వైర్లకని కొన్ని. ఏసింది ఏసినట్టున్నది గిదొక్కటే. నా ప్లాటు అడ్డమున్నన్ని రోజులు దీన్ని తవ్వలేరు."

నేను నోరు తెరవకముందే నా స్కూటర్ దిక్కు చెయ్యి చూపిండు. "బ్రేకు ముట్టకుండ పోయి రా. అప్పుడు రద్దు మాట మాట్లాడు."

పోయిన. భయానికి రెండుసార్లు చెయ్యి బ్రేకు మీదికి పోయింది, నొక్కలే. ఎన్నో ఏండ్ల కింద వేసిన రోడ్డు, తారు పగిలి గడ్డి మొలిచింది. అయినా స్కూటర్ దానంతట అదే మలిగింది.

ఓనర్ ముందు ఆ రోజు చేసినంత బేరం జన్మలో చేయలే. మా రోడ్డంత వెడల్పు ఏ వెంచర్‌లో లేదన్న. రసీదు మీద సంతకం నాది, నా మాట పోతే రేపు మీ ప్లాటు ఎవడు కొంటడని అడిగిన. ఆయన చాలాసేపు విని ఒక్కటే చెప్పిండు.

"మలుపు ఉంటె, దాని కడుపుల మూడు మూలల ప్లాటు ఒకటి మిగుల్తది. దాన్ని ఎవడు కొనడు. నువ్వు కొను, పూరా రేటుకు. నలభై ఒకటి మీద నీకు కమీషన్ లేదు."

బేరం చేయకుండ నేను కొన్న వస్తువు అదొక్కటే. మలుపు ఇయ్యాల్టికీ ఉంది. ఇంజనీరింగ్ చదువుకున్న కస్టమర్లు వస్తే అక్కడ ఆపి, ఇది ఎవరు వేసిండ్రో చెప్పందే ప్లాటు చూపియ్య. కొనేటోళ్లను ఇప్పుడు ముందు ఎందుకని అడుగుత, ఎంతకని తర్వాత.

ఇగ లెక్క. నలభై ఒకటి మీద పోయిన కమీషన్ తొమ్మిది వేల ఆరువందలు. మూడు మూలల ప్లాటుకు మా ఇంటామె బంగారం కుదవ పెట్టిన, విడిపించేనాటికి మిత్తి డెబ్బై రెండు వేలు. చుట్టూ రేట్లు రెట్టింపైనయి, నా ప్లాటును కొన్న ధరకే అడుగుతుండ్రు. అంటే లాభం సున్న. మలుపుకు ధర కట్టరాలే, ఆ గడి ఖాళీగ ఉంచిన. నష్టం ఎనభై ఒక్క వేల ఆరువందలు, మొత్తం నా పేరు మీదనే.