అమ్మ కోసం నేను పిలవని ఫాదర్ గారు

పధ్నాలుగేళ్లుగా ఒక అబద్ధం నా గొంతులో అడ్డం పడి ఉంది. అన్నం దిగుతుంది, మాట వస్తుంది, అది మాత్రం కదలదు. నా భార్యకు తెలియదు. అక్కకు అసలే తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. నా పేరు అడగకండి.

మాది కొవ్వూరు దగ్గర పల్లె. మేం ఆర్సీఎం వాళ్లం, అంటే కతోలికులం. నా చిన్నప్పుడే నాన్న పోతే అమ్మ నాట్లకూ కోతలకూ వెళ్లి అక్కనూ నన్నూ పెంచింది. పొలం నుంచి వచ్చాక ఆమెకు రెండో పని మొదలయ్యేది. ఊళ్లో ఎవరు మంచాన పడ్డా, ఏ కులమైనా, ఏ దేవుణ్ణి కొలిచినా, వెళ్లి ఒళ్లు తుడిచేది, గోళ్లు తీసేది, పుళ్లు కడిగేది. మా వాళ్లలో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ఫాదర్ గారిని తీసుకురావడం ఆమె వంతు. ఒక వానాకాలం కాలవగట్టు మీద బురదలో మూడు మైళ్లు నడిచి వెళ్లి తీసుకొచ్చింది. పోయేవాళ్ల నుదుటికి దీవించిన నూనె రాయాలి, నోట్లో సత్ప్రసాదం పెట్టాలి, అది లేకుండా ఎవర్నీ పంపకూడదు అనేది.

నాకు గుడిలో, అంటే మా చర్చిలో, ఒక పేరు, బడిలో ఒక పేరు. ఎస్సీ సర్టిఫికెట్ కావాలంటే కాగితం మీద హిందువుగా ఉండాలి. మతం మారితే కులం పోతుందని చట్టం అంటుంది. మా పేటలో ఎవరికీ పోలేదు. అమ్మ ఒప్పుకుంది గానీ ఆ పూట అన్నం తినలేదు. ఆ సర్టిఫికెట్ మీదే నాకు జంగారెడ్డిగూడెంలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది.

లివర్ చెడిపోయి అమ్మ మా ఇంటికి వచ్చిన నెలలోనే, నా మీద ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారని ఆఫీసులో అనుకున్నారు. ఎంక్వైరీ వస్తుందన్నారు. నేను గోడ మీది మరియమాత పటం తీసి బీరువాలో పెట్టాను. అమ్మ చూసింది.

గుడి మా వీధి చివరే. కింది వాటాలో ఉండేది మా ఆఫీసు మనిషి. తెల్ల అంగీతో ఫాదర్ గారు మా మెట్లెక్కితే ఆయన చూస్తాడు. ఇదీ నా లెక్క.

ఒక శుక్రవారం పొద్దున అమ్మ అడిగింది. ఫాదర్ గారిని ఆమె స్వాములోరనే అనేది.

"నాన్నా, స్వాములోర్ని పిలుత్తావా?"

"పిలుస్తానమ్మా."

చొక్కా వేసుకుని వెళ్లాను. టీ కొట్టు దగ్గర అరగంట నిలబడి తిరిగొచ్చాను.

"ఊళ్లో లేరంటమ్మా. ఏలూరు వెళ్లారంట."

మధ్యాహ్నం గుడి గంట మోగింది. అమ్మ కళ్లు తెరిచింది.

"వచ్చేసినట్టున్నారు. మళ్లీ ఓసారి చూడవా?"

"గంట ఉపదేశి గారు కొడతారమ్మా. ఆయనింకా రాలేదు."

నా ముఖంలోకి చూసింది. చాలాసేపు.

"పోన్లే. ఆయనకెన్ని పనులో. నువ్వే జపం చెప్పు నాన్నా."

నేను లేచి ముందు కిటికీ మూశాను. తర్వాత గొంతు తగ్గించి మొదలుపెట్టాను. సగంలో మాటలు మరిచిపోయాను. ఆమె నేర్పిన మాటలే. మిగతాది ఆమే పెదవులతో పూర్తి చేసింది. నా భార్య టీచరు. సాయంత్రం ఆమె బడి నుంచి వచ్చేలోగా అమ్మ పోయింది. ఫాదర్ గారు పగలే వచ్చి వెళ్లారని నా భార్యకు చెప్పాను.

అమ్మను మా ఊరు తీసుకెళ్లాం. పాతిపెట్టే ముందు అక్కడి ఫాదర్ గారు అభ్యంగనం, అంటే ఆ చివరి నూనె, అందిందా అని అడిగారు. అక్క నా వైపు చూసింది. "అందిందండి" అన్నాను. అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు అక్క అప్పుడు వదిలింది. ఇప్పటికీ ఎవరింట్లో చావు జరిగినా అక్క వాళ్లను ఓదారుస్తూ, "మా అమ్మ అన్నీ అందుకునే ఎల్లిందండి" అంటుంది. నేను పక్కనే కూర్చుని తల ఊపుతాను.

ఎంక్వైరీ రాలేదు. ఆ ఉత్తరం నిజంగా ఉందో లేదో కూడా తెలియదు. నిరుడు రిటైరయ్యాను.

అమ్మకు తెలుసా? ఆ చూపు ఏమిటి? నమ్మి ఉంటే నేను ఆమెను మోసం చేశాను. తెలిసి ఉంటే, ఊరందరికీ చేసినట్టే, చివరి గంటల్లో నా భయానికి కూడా ఆమే చాకిరీ చేసింది. ఏది నయం? చట్టం అన్యాయమైనదే అనుకోండి, నేనూ అదే అనుకుంటాను, ఎన్నోసార్లు దాని చాటున దాక్కున్నాను కూడా. కానీ ఆ పొద్దున టీ కొట్టు దగ్గర నిలబడింది చట్టం కాదు.

ఫాదర్ గారి ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్తూనే ఉన్నాను. కోపం వచ్చిందని చెబుతాను, ఆదివారం పూజ మానేశానని చెబుతాను, లేచి వచ్చేస్తాను. అక్కకు చెబితే ఆమెకున్న ఒక్క ఊరటా లాక్కున్నట్టవుతుంది. చెప్పకపోతే ఆ ఊరట నా అబద్ధమే. ఏం చేయాలో ఇంకా తెలియదు.

మిమ్మల్ని క్షమించమని అడగడం లేదు. అది మీరు చేయగలిగిందీ కాదు. ఒక్క మనిషికైనా ఉన్నది ఉన్నట్టు చెప్పాలనిపించింది, అంతే. మా అమ్మ ఫాదర్ గారి కోసం రెండుసార్లు అడిగింది. ఆయన ఊళ్లోనే ఉన్నారు. నేను పిలవలేదు.