చక్రం కింది రాయి

యుద్ధం రోజుల్లో మా నాటకాల కంపెనీకి ఇల్లూ వాకిలీ ఒక పాత మోటారే. వంటా పడకా అందులోనే. మా డ్రైవరు టెంకాయ కొట్టనిదే మైసూరు ఎల్ల దాటేవాడు కాదు. "ఎల్లకు మర్యాద చెయ్యల్లప్పా" అనేవాడు.

ఆ రోజు హిందూపురం దాటాక మిట్ట మీద ఆపాడు. బ్రేకులు అంతంతమాత్రం కాబట్టి చక్రం కింద రాయి పెట్టాడు. అందరం దిగాం. లోపల మా అవ్వ ఒక్కతే నిద్రపోతోంది. టెంకాయ కొట్టడానికి చుట్టుపక్కల మరో రాయి కనబడలేదు. ఆయన చక్రం కింది రాయే లాక్కున్నాడు.

టెంకాయ పగిలిన చప్పుడూ మా అమ్మ కేకా ఒక్కసారే వినబడ్డాయి. మోటారు వెనక్కి దొర్లిపోయి శెనక్కాయ చేనులో ఆగింది.

అవ్వ తలుపు తీసి, "ఎల్ల దాటినామా?" అంది.

మేమంతా అవ్వ దగ్గరికి పరుగెత్తాం. డ్రైవరు మాత్రం రెండు చిప్పలూ ఎత్తి చూపించాడు.

"చూస్తిరా! టెంకాయ సమంగా పగిలింది కాబట్టే అవ్వ బతికింది."