పేరంటానికొచ్చిన కప్పతల్లి

తొలకరి పడగానే మా వట్లూరు వీధిలో కాలువల వెంబడి బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు. ఆ ఘాటుకి అందరూ తలుపులు వేసుకుంటే నేను మాత్రం టీ గ్లాసుతో గుమ్మంలోకి వస్తాను. నాకది రూత్ మేడమ్ వాసన. ఏలూరు కాలేజీలో మాకు జువాలజీ చెప్పిన ఆవిడ సంచికీ, చివరికి టిఫిన్ డబ్బాకీ కూడా అదే వాసన.

ఆవిడ కాళ్ళకి చక్రాలుండేవి. కూర్చుని టీ పూర్తిగా తాగగా నేనెన్నడూ చూడలేదు. కొల్లేటి దారిలో చెరువు చెరువుకీ మమ్మల్ని తిప్పేవారు. ఒక గట్టు దిగి మరో గట్టెక్కేలోగా బూట్లు బ్లీచింగ్ నీళ్ళతో కడిగి ఆరబెట్టాల్సిందే. కప్పలకి కొత్తగా వైరస్ జబ్బులు వస్తున్నాయనీ, తడి కాళ్ళతో, తడి వలలతో మనమే వాటిని మోసుకెళ్తామనీ ఆవిడ బెంగ. కప్పల కోసం ఇంత హడావిడా అని మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మా పెద్దమ్మ రత్తమ్మ వాళ్ళ ఊళ్ళో దిగువ చెరువులో కప్పలు ఒంటిమీద ఎర్రమచ్చలతో చచ్చి తేలుతున్నాయని తెలిసి మేడమ్‌తో వెళ్ళాను. అప్పటికే ఆడవాళ్ళు కప్పతల్లి ఆడుతున్నారు. వాన కోసం రోకలికి వేపరెబ్బల మధ్య కప్పని కట్టి, ఇంటింటికీ తిప్పి నీళ్ళు పోయించే మొక్కు అది. రోకలి పెద్దమ్మ భుజంమీదే ఉంది. ఈసారి కప్పని పట్టే శ్రమే లేకపోయిందనీ, దిగువ చెరువులో తల్లి తనంతట తానే చేతిలోకి వచ్చిందనీ మురిసిపోయింది. మేడమ్ మొహం పాలిపోయింది. జబ్బుతో ఎగరలేని కప్పని వాళ్ళు అమ్మవారి దయ అనుకున్నారు. పైగా ఊరంతా తిప్పాక దాన్ని వదిలేది మంచినీళ్ళ చెరువులో. అక్కడి కప్పలు ఇంకా నిక్షేపంగా ఉన్నాయి.

నాకు భయం వేసింది. చర్చికెళ్ళే మేడమ్ వద్దంటే ఊరు ఊరుకుంటుందా? ఆవిడ వద్దనలేదు. వాళ్ళ పక్కనే నడుస్తూ పెద్దమ్మని అడిగారు.

"ఏవండీ రత్తమ్మగారూ, పేరంటానికి పిలిచిన ముత్తైదువని ఎక్కడ దింపుతారండీ?"

"వాళ్ళింట్లోనేనండీ. ఇంకెక్కడ?"

"మరి ఈ తల్లిని పరాయింట్లో దింపుతున్నారేంటండీ?"

పెద్దమ్మ వెనక్కి తిరిగింది. రోకలి భుజం మార్చుకుని దిగువ చెరువు దారి పట్టింది. కప్పని వదిలాక అందరి కాళ్ళూ చేతులూ మేడమ్ దగ్గరుండి కడిగించారు.

రిటైరై తాడేపల్లిగూడెం వెళ్ళినా ఆవిడకి స్థిమితం లేదు. ఏటా తొలకరికి ఫోన్ చేసి "అరుస్తున్నాయా అమ్మా?" అనేవారు. నేను పెద్దమ్మకి ఫోన్ కలిపేదాన్ని, పెద్దమ్మ మంచినీళ్ళ చెరువు గట్టుమీద నిలబడి కప్పల అరుపులు ఇద్దరికీ వినిపించేది.

మేడమ్ పోయాక ఇదే తొలి వాన. గూడెం నుంచి ఫోన్ రాదని తెలిసీ చూస్తూ కూర్చున్నాను. మోగింది. పెద్దమ్మ. మాటల్లేవు, కప్పల బెకబెకలే. నాకు ఏడుపొచ్చింది. కాసేపటికి పెద్దమ్మ గొంతు వినిపించింది. "కాళ్ళు కడుక్కునే గట్టెక్కానులే."

"దిగువ చెరువులోనో?" అన్నాను.

"ఇంకా లేవే తల్లీ."

చేతిలో టీ సగమే అయింది. గ్లాసు అక్కడే పెట్టి, దిగువ చెరువుకి బయల్దేరదామని చెప్పులు వెతుక్కున్నాను.