ఎర్ర మూత సిరంజి

మా అక్కకు ఎనభై ఒకటి, నాకు డెబ్బై నాలుగు. ఇద్దరం మెదక్‌లో ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఈ వైశాఖానికి పదకొండేళ్లు. కాలి మీద పుండు మానక, షుగర్ దిగక అక్క ఆరు రోజులు దవాఖానలో ఉంది. ఏడో రోజు ఇంటికి పంపుతూ డాక్టర్ గట్టిగానే చెప్పాడు. పొద్దున ఇరవై నాలుగు యూనిట్లు, సాయంత్రం పద్నాలుగు, ఇన్సులిన్ తప్పకుండా పడాలి. షుగర్ అదుపులో లేకపోతే పాదం దక్కదు. ఇంట్లో ఇంకెవరూ లేరు కనుక సూది వేయాల్సింది నేనే.

ముప్పై మూడేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. గీతలు చూసి మందు లాగడం ఒక పనా అనుకున్నాను. వార్డులో నర్సమ్మ నిలబడే అంతా చూపించింది. పక్క మంచం ఆయన దగ్గుతున్నాడు, అక్క చెప్పుల కోసం వెతుకుతోంది. "కాగితం మీద రాసుకోండ్రి పెద్దమ్మా" అంది. అవసరం లేదమ్మా, గుర్తుంటుంది అన్నాను.

మూడు రోజులు బాగానే గడిచింది. దవాఖానలో ఇచ్చిన ఆరు సిరంజిలూ అయిపోయాయి. నాలుగో రోజు బుధవారం, దుకాణం నుంచి తెప్పించినవి విప్పితే గీతలు వేరుగా ఉన్నాయి. పాత వాటి మీద నలభై వరకే ఉండేవి, వీటి మీద వంద వరకు ఉన్నాయి. మూత రంగు కూడా వేరే. ఎర్రది కాదు, నారింజ. రంగు సంగతి నేను పట్టించుకోలేదు, అంకెలే చూశాను. వంద, నలభైకి రెండున్నర రెట్లు. లెక్క కడితే సరిపోతుందనుకున్నాను.

అప్పటికే అక్క ముద్ద కోసం చూస్తోంది. సూది పడ్డాక అరగంటకు గాని తినకూడదు.

"ఓ పంతులమ్మా, సూదేస్తవా, నాతోటి పరీక్ష రాయిస్తవా?"

"జర ఆగక్కా."

"గంట సంది ఆగుతనే ఉన్న."

"గంట కాలేదు. పదకొండు నిమిషాలు."

"ఆకలికి గడియారం తెలుస్తదా?"

కుక్కర్ మూడో కూత వేసింది. నిజాంపేట నుంచి అక్క ఆడబిడ్డ ఫోన్, పుండు ఎట్లుందని. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మనసులోనే లెక్క కట్టాను. ఇరవై నాలుగును రెండున్నరతో భాగిస్తే తొమ్మిది పాయింట్ ఆరు. ఎప్పటిలాగే తిరగేసి సరిచూశాను. తొమ్మిది పాయింట్ ఆరును రెండున్నరతో గుణిస్తే ఇరవై నాలుగు. సరిపోయింది. పది గీతకు కొంచెం కింద వరకు మందు లాగి, అక్క పొట్టకు పొడిచాను.

సాయంత్రం ఆరింటికి వేలు గుచ్చి చూస్తే షుగర్ మూడు వందల ఎనభై ఎనిమిది. అక్కకు నోరు ఎండిపోతోంది, నాలుగోసారి నీళ్లడిగింది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను. నర్సమ్మ డ్యూటీ ముగించి, ఎల్దుర్తి బస్సు కోసం సంచి భుజాన వేసుకుని మెట్లు దిగుతోంది. నా చేతిలోని సిరంజి చూసి సంచి కింద పెట్టింది. లోపల డాక్టర్ అక్కను చూసి సరైన మోతాదు వేయించాడు. తర్వాత నర్సమ్మ నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, పొద్దున ఏం చేశానో ఒక్కొక్కటే అడిగింది. నా లెక్క చెప్పాను.

"భాగహారంల తప్పు లేదు పెద్దమ్మా. భాగించుడే తప్పు. గుణించాలె. పాతదాంట్ల నలభై గీతలున్న జాగలనే ఇందుల వంద గీతలున్నయి. అరవై గీతలు రావాలె."

అంటే ఇరవై నాలుగు పడాల్సిన చోట నాలుగు యూనిట్లు కూడా పడలేదు.

"తక్కువ పోయింది కాబట్టి ఇట్ల మాట్లాడుకుంటున్నం. రేపు అదే కంగారుల ఎక్కువ పోతే? ఇగ లెక్కే చేయకుండ్రి. సీసా నలభైది, సిరంజి నలభైది. ఎర్ర మూత. అది దొరకకపోతే నాకు ఫోన్ చేయుండ్రి."

నేను లెక్కల పంతులమ్మనని ఆమెకు చెప్పలేకపోయాను. పక్కనే కూర్చున్న అక్క చెప్పింది. "గీమె ముప్పై ఏండ్లు పిల్లలకు లెక్కలు చెప్పింది బిడ్డా. పాపం వాళ్లు."

నర్సమ్మ నవ్వింది గాని నన్ను చూసి కాదు. కాంటీన్ నుంచి రెండు నిమ్మకాయలు తెచ్చింది, ఒక ఖాళీ మందు సీసాలో నీళ్లు పోసింది. ముందు టీ తాగమంది. తర్వాత నా వైపు వీపు పెట్టి నిలబడింది. "నేను చూడను. ఏం చేస్తున్నరో గట్టిగ చెప్పుకుంట చేయుండ్రి." ఎర్ర మూత. ఇరవై నాలుగు. గాలి బుడగ లేదు. మొదటిసారి తడబడ్డాను, రెండోసారి తడబాటు తగ్గింది. పన్నెండుసార్లు నిమ్మకాయకు పొడిచాను. చివరి ఆరుసార్లు ఒక్క తప్పూ లేదు.

ఆమె వీపు తిప్పి నిలబడిన తీరు నన్ను చాలా రోజులు వదల్లేదు. నేను అట్లా ఎన్నడూ నిలబడలేదు. నల్లబల్ల దగ్గరికి పిలిచి, పిల్ల భుజం వెనకాలే నిలబడి, "ఊ, తొందరగా" అనేదాన్ని. బెంచీ మీద కూర్చుని పదమూడో ఎక్కం గడగడా చెప్పిన పిల్లలే అక్కడికొచ్చి నోరు తెరవలేకపోయేవాళ్లు. చదవలేదని రాసుకునేదాన్ని. మనసు ఒక్కసారి మూడు నాలుగు సంగతులకు మించి పట్టుకోలేదు. భయం వచ్చి అందులో రెండు చోట్లు ఆక్రమిస్తే లెక్కకు మిగిలేదెంత? ఇది నేను డెబ్బై నాలుగో ఏట, కుక్కర్ కూతల మధ్య తెలుసుకున్నాను. ఆ పిల్లలకు ఇప్పుడు చెప్పగలిగిందేమీ లేదు. నర్సమ్మకు మాత్రం కృతజ్ఞత చెప్పాను, చేతులు పట్టుకుని. ఆ రోజు ఆమె బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సు గంటా పది నిమిషాలకు గాని లేదు.

ఆమె చెప్పినట్టు ఇంట్లో ఒక పద్ధతి పెట్టాం. సూదికి చేయాల్సిన ఎనిమిది పనులూ పెద్ద అక్షరాలతో రాసి అద్దం పక్కన అంటించాను. సూది టైముకు పొయ్యి ఆర్పాలి, ఫోన్ పక్క గదిలో ఉండాలి, అక్క మాట్లాడకూడదు.

"నా ఇంట్ల నన్నే మాట్లాడొద్దంటవా?"

"రెండు నిమిషాలక్కా."

"రోజుకు నాలుగైతయి. అది సుత లెక్క పెట్టుకో."

నలభై మూడు రోజులకు పుండు పూర్తిగా మూసుకుంది. మధ్యలో పొద్దుటి మోతాదు ఇరవైకి తగ్గించారు. కొత్త అంకె రాసుకుని, నర్సమ్మకు రెండుసార్లు గట్టిగా చదివి వినిపించాకే కుర్చీలోంచి లేచాను. పుండు మూసుకున్నాక దవాఖానకు పోతే ఆమె అక్క పాదాన్ని ఒళ్లో పెట్టుకుని వేళ్లన్నీ ఒత్తి చూసింది.

"నొప్పి ఉందా అమ్మమ్మా?"

"కాలుకు లేదు బిడ్డా. నోరు కట్టేసిండ్రు, గక్కడుంది. ఇంక ఎన్ని రోజులు?"

"సూది ఉన్నన్ని రోజులు."

అక్క ఆ కాలుకే చెప్పు తొడుక్కుని ఆటో దాకా తనే నడిచింది. మరునాడు పొద్దున నేను సీసా చేతిలోకి తీసుకోగానే, ఎవరూ చెప్పకుండానే టీవీ ఆపేసి కూర్చుంది.