జేబులో ఫ్యూజు

మా మిస్త్రీ కాక, నాకు బాబాయి, చనిపోయాడన్న కబురు శుక్రవారం ఉపవాస ప్రార్థన నడుస్తుండగా వచ్చింది. కంట్రాక్టరు ఇంట్లో పాత గీజరు దించుతుంటే కరెంటు కొట్టిందట. వెనకాలే ఇంకో మాట వచ్చింది: తాగి పనికెక్కాడట. మొదటి మాటకు ఏడ్చాను. రెండో మాటకు చేతిలోని గ్రంథం మూసేశాను.

కాకను ఎరగనివాళ్లకు చెబుతాను. మా తిరుమలగిరి బోరు నీళ్లు ఏ గీజరునూ బతకనివ్వవు. ఏడాది తిరిగేసరికి లోపలి రాడ్డు మీద సున్నం గట్టిపడుతుంది. కాక ఆ పెంకులు రాల్చి నా అరచేతిలో పోసేవాడు.

"చూడు పాస్టరూ. ఏడాది తానం చెయ్యకుంటే నువ్వు గూడ గిట్లనే అయితవు."

ట్యాంకులో ఇంకో సన్న కడ్డీ ఉంటుంది. తుప్పును తన మీదికి తెచ్చుకుని ట్యాంకును కాపాడుతుంది. ఆ సంగతి ఆయన దగ్గరే విని, ఒక ఆదివారం సిలువను దానితో పోల్చి గంటసేపు బోధించాను. వెనక చాప మీద కూర్చుని విన్న కాక బయటికొచ్చాక అన్నాడు: "మంచిగ చెప్పినవ్ గని, కడ్డీ అరిగినంక మార్చాలె. గది చెప్పకపోతివి. మీ ఇంట్లది మార్చి మూడేండ్లాయె."

గీజరు మూత విప్పే ముందు ఆయన కరెంటు రాకుండా బోర్డులోంచి ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకునేవాడు. పనంతా అయ్యాక తన చేత్తోనే తిరిగి పెట్టేవాడు. "కరెంటుకు మొఖాలు గుర్తుండవు" అనేవాడు. మందు వాసనే గిట్టని మనిషి.

దవాఖాన నుంచి మూటగట్టి ఇచ్చిన బట్టలు విప్పింది నేనే. జేబులో ఫ్యూజు ఉంది.

అది పట్టుకుని కంట్రాక్టరు ఇంటికి వెళ్లాను. బోర్డులో ఆ ఫ్యూజు ఉండాల్సిన జాగాలో రాగి తీగ మెలిపెట్టి ఉంది. ఇదేందని అడిగాను.

"మోటరు నడుస్తలేదని జరసేపు తగిలించిన పాస్టరయ్యా. గాయిన పని అయిపోయిందనుకున్న" అన్నాడు తల దించుకుని. తర్వాత ఊరి పెద్దమనుషులు పిలిచి అడిగితే మాత్రం తల ఎత్తాడు: "నాకేం ఎరుక? తాగి ఎక్కిండు."

కాక భార్య, మా చిన్నమ్మ, ఒక్కటే అడిగింది. "నాకేం వద్దు బిడ్డా. గా తాగిండన్న మాట ఎన్కకు తీసుకోమను."

పగ తీర్చడం దేవుని పని, మనిషిది కాదని ఎన్నోసార్లు బోధించాను. ఈసారి ఆ వాక్యం నోటికి రాలేదు. శత్రువుల పళ్లు విరగ్గొట్టమని దేవుణ్ణి వేడుకునే కీర్తనలే వచ్చాయి. కాకను మట్టి చేసిన రోజు సమాధి దగ్గరే ఊళ్లోని మిస్త్రీలందరికీ ఫ్యూజు చూపించి జరిగింది చెప్పాను. "నిజం ఒప్పుకునేదాంక గా ఇంట్ల ఎవ్వలు పానా పట్టొద్దు" అన్నాను. ఎవరూ పట్టలేదు. సూర్యాపేట నుంచి పిలిపించుకున్నవాడు కూడా సంగతి విని బండి తిప్పుకుని పోయాడు.

మొన్న కంట్రాక్టరు నా దగ్గరికొచ్చాడు. "చలి ముదిరింది. మా అమ్మకు పానం బాలేదు. గీజరు బిగించుమని జర మిస్త్రీలకు చెప్పుండ్రి."

"కాక తాగలేదని నువ్వు మా చిన్నమ్మకు చెప్పు. నలుగురిల చెప్పు" అన్నాను.

చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

క్షమించే మనసిమ్మని రోజూ మోకరిస్తాను. ఇంకా క్షమించలేదు, దాచను. పొద్దున్నే సైకిలు మీద పోతూ కంట్రాక్టరు గేటు దగ్గర ఆగుతాను. కొత్త గీజరు డబ్బా విప్పకుండా వరండాలోనే ఉంటుంది. దాని పక్కనుంచి ఆ భారీ మనిషి, కాగిన నీళ్ల గిన్నె రెండు గుడ్డలతో పట్టుకుని, తల్లి స్నానానికి అడుగులో అడుగు వేసుకుంటూ మోసుకుపోతుంటాడు. పాదాల మీద వేడినీళ్లు చిందుతాయి. నన్ను చూసి ఆగుతాడు. ఏదో చెప్పబోయి నోరు తెరుస్తాడు. ఆ చలిలో నోట్లోంచి ఆవిరి ఒక్కటే వస్తుంది.