ఆళ్లగడ్డ దాకా కారు, ఆ తర్వాత బస్సు

మా అత్త ఓబుళమ్మ ఎనిమిదేళ్ళుగా కర్నూలు దాటలేదు. డీజిల్ వాసన తగిలితే చాలు, ఆమెకు వాంతులు. చివరిసారి ప్రొద్దుటూరులో ఒక పెళ్ళికి పోయి వచ్చి, "ఇంగ నా జన్మలో బస్సెక్కను" అని ఒట్టు పెట్టుకుంది. రైలుంది కదా అంటే, అర్ధరాత్రి స్టేషన్లో కాచుకోవడం తన వల్ల కాదంటుంది. కడపలో ఉన్న చెల్లెలు నాగమ్మతో మాటలన్నీ ఫోన్లోనే. ఈ ఉగాదికి మేము ఎలక్ట్రిక్ కారు కొన్నాం. మా వీధిలో అది నాలుగోది. అత్త అందులో కూర్చుని ముక్కుతో గట్టిగా పీల్చి, "వాసనే ల్యాదు గదమ్మే! దీంట్లో అయితే యాడికైనా వస్తా" అంది. అన్నదే గానీ, రేపు మాపు అంటూ నెలలు గడిచిపోయాయి.

ఆ బుధవారం సాయంత్రం నాగమ్మ కొడుకు మద్దిలేటి ఫోన్ చేశాడు. నాగమ్మకు గుండె ఆపరేషనట, మర్నాడు పన్నెండింటికి లోపలికి తీసుకుపోతారట. "పెద్దమ్మను ఒక్కసారి సూడాలంటాంది వదినా. అమ్మకు శానా భయంగా ఉండాది" అన్నాడు. మా ఆయన కారును ఛార్జింగుకు పెట్టాడు. తెల్లవారుజామున కరెంటు పోయి, సగం దాటాక ఆగిపోయింది. నాకు అప్పుడే గాభరా మొదలైంది.

ఆరున్నరకు బయల్దేరాం. ఓర్వకల్లు దాటాక మా ముందు అన్నీ బేతంచెర్ల బండల లారీలే. ఎనిమిదింటికి నంద్యాల. ఇడ్లీలు మెత్తగా బాగున్నాయి, చట్నీ మాత్రం నోరు మండింది. "ఈడనే ఛార్జింగ్ పెట్టుకుందాం" అని నేను మొత్తుకున్నాను. "ఆళ్లగడ్డ కాడ ఫాస్ట్ ఛార్జర్ ఉండాది, గబుక్కున అయిపోతాది" అని మా ఆయన. ఈ దారిన పోయేవాళ్ళు ఎవరైనా ఉంటే నా మాట వినండి, నంద్యాలలోనే పెట్టుకోండి.

ఆళ్లగడ్డ దగ్గర ధాబాకు చేరేసరికి తొమ్మిది. రెండు ఛార్జింగ్ గన్నుల్లో ఒకటి పనిచేయడం లేదు. రెండో దానికి అప్పుడే ఒక కారు తగిలించారు, వెనక ఇంకో రెండు కార్లు. "పోయినేడు ఈడికి నేనొగన్నే వచ్చేటోన్ని తల్లీ. ఇప్పుడు సూడు, పెండ్లికొచ్చినట్ల వచ్చినారు" అన్నాడు మా ముందున్న ప్రొద్దుటూరు బట్టల వ్యాపారి. మా సంగతి చెబితే, పాపం, ముందు మీరే పెట్టుకోండి అన్నాడు. ఏం లాభం? తగిలించిన కారుకే గంట పడుతుందట. ఎదురుగా పెట్రోలు బంకులోకి డీజిల్ కార్లు ఇట్లా వచ్చి అట్లా పోతుంటే నాకు ఏడుపొచ్చింది. మా ఆయన టాక్సీ కోసం ఫోన్లు తిప్పుతున్నాడు.

అత్త కారు దిగింది. "టాక్సీ అయితే డీజిలు కాదారా? ఆ పోయేది కడప బస్సు మాదిరి ఉండాది, ఆపు" అంది. చెయ్యి ఎత్తింది కూడా ఆమే. మా ఆయన కారుతో అక్కడే ఉండిపోయాడు.

ఆధార్ చూపిస్తే కండక్టరు మా ఇద్దరికీ జీరో టికెట్ కొట్టాడు. అత్త కిటికీ పక్కన కూర్చుని నిమ్మకాయ వాసన చూస్తూ కళ్ళు మూసుకుంది. చాగలమర్రి రాకముందే మొదలైంది. కడపలో చర్చి మీటింగుకు పోతున్న ఒకామె ముందు సీట్లోంచి లేచి వచ్చి అత్త వీపు నిమిరింది. "కక్కుకో తల్లీ, సిగ్గేముండాది" అంది. దువ్వూరులో బస్సు ఆగింది, మైదుకూరులో అయితే కదలనే కదలదు. నాకు దిగి తోయాలనిపించింది. అత్తకు కక్కడానికి ఏమీ మిగల్లేదు. అయినా దిగుదామా అంటే తల అడ్డంగా ఊపింది.

ఆటో పట్టుకుని ఆసుపత్రికి చేరేసరికి పన్నెండుకు పది నిమిషాలు తక్కువ. నాగమ్మను స్ట్రెచర్ మీద అప్పటికే వరండాలోకి తెచ్చారు. అక్క ముఖం చూసి, "ఎట్లొస్తివక్కా?" అంది.

"బస్సులో."

"బస్సులోనా! మళ్ళ వాంతులు?"

"అయినాయి. దిగినాక తగ్గిపాయ."

నాగమ్మ ఆమె చెయ్యి పట్టి దగ్గరికి లాక్కుని, చెవిలో ఏదో అంది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ వికారమేమో అని నేను సోడా కోసం పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి తలుపులు మూశారు.

ఆపరేషన్ బాగా జరిగింది. మా ఆయన రెండింటికి వచ్చాడు. ఆ రాత్రి బస్టాండు దగ్గర లాడ్జిలో ఉన్నాం, గది శుభ్రంగానే ఉంది, దోమలు మాత్రం చంపేశాయి. మర్నాడు అద్దంలోంచి నాగమ్మ చెయ్యి ఊపడం చూసి, కారుకు నిండా ఛార్జింగ్ పెట్టుకుని, నాలుగింటికి తిరుగు ప్రయాణం కట్టాం.

మైదుకూరు దాటాక మా ఆయన, "ఇంగ నెలనెలా తీసుకొస్తాలేమ్మా. దీంట్లో నీకు వాంతుల బాధ ల్యాదు గదా" అన్నాడు.

"వాంతులదేముందిరా" అంది అత్త. "నిన్న నా చెల్లెలు నా చెవిలో ఏమనిందో తెల్సునా? 'దిగితే తగ్గిపోయే దానికా అక్కా, ఎనిమిదేండ్లు రాకపోతివి' అనింది."

ఎలక్ట్రిక్ కారు ఎట్లా ఉంది, కొనొచ్చా అని ఇప్పుడు అందరూ నన్ను అడుగుతున్నారు. కొనండి, మంచి బండే. కానీ ఆ సాయంత్రం అది డీజిల్ బండి అయ్యుంటే బాగుండేదనిపించింది. ఇంజను మోతలో కొంతైనా కలిసిపోయేది. ఈ కారులో కర్నూలు వచ్చేదాకా ఆమె ఏడుపు వెక్కిళ్ళు ఒక్కొక్కటీ మాకు వినబడ్డాయి.